తైలసాంకర్యము

వాది: బావగారూ, ఒక ఇంజనులో ఒక కంపెనీ ఆయిలు ఉండగా దానిమీద వేరొక కంపెనీ ఆయిలు పోయుట మహాపాతకమని మన కొవ్వూరు షెడ్లలో నలుబది ఏండ్లుగా వినుచున్నాను. విని, నమ్మి, ఆయిలు తగ్గిన బండిని అట్లే తోలుకొనిపోయి, ఇంజను పట్టివేయగా రోడ్డు ప్రక్కను కూలబడిన డ్రైవర్లను కన్నులార చూచితిని. 1974లో రోడ్డు వంతెన వచ్చిన నాటినుండి ఈ గట్టుకును రాజమహేంద్రవరము గట్టుకును నడుమ నాలుగు కిలోమీటర్ల దారి. క్రింద గోదావరి, మీద ఆకాశము. అరటిగెలల లోడుతో పోవు లారీకి ఆ నడిమధ్యను, అర్ధరాత్రి, ఆయిలు దీపము ఎర్రగా వెలిగినదనుకొనుడు. వెనుక వచ్చు లారీవాడు దయదలచి తన సీటు క్రింది డబ్బా తీసి ఇచ్చినచో, “ఇది మా బండిలోని ఆయిలు కాదు, వద్దు” అనుట వివేకమగునా?

ప్రతివాది: కాదు. ప్రాణము పోవుచున్నవానికి ఏ బావి నీళ్ళు పోయవలెనని తర్కించువాడను నేను కాను. ఒత్తిడి పడిపోయిన ఇంజనులో బేరింగులు కాలి అతుకుకొనుటకు నిమిషములు చాలును. ఆ నిమిషములలో ఇంజను ఆయిలు అన్నది ఏదైనను అమృతమే. నా వాదము ఆ రాత్రిని గూర్చినది కాదు, ఆ రాత్రి తరువాతి ఆరు మాసములను గూర్చినది. ఆపదలో చేసిన పనిని అలవాటుగా మార్చుకొని, చేతికి ఏ డబ్బా అందిన ఆ డబ్బా వంచుట మన ప్రాంతమున ఆచారమైపోయినది. పాలు మంచివే, చింతపండు పులుసు మంచిదే; గోదావరి జిల్లాల వంటయింట ఆ రెండును లేని పూట అరుదు. అయినను రెండింటిని ఒక గిన్నెలో పోసిన ఇల్లాలిని నేనెరుగను. ఇంజను ఆయిలు అనగా వట్టి చమురు కాదు. నూటికి ఎనుబది పాళ్ళకు అటునిటుగా మూలతైలము. తక్కినది సంకలితముల పాకము. మడ్డిని కడుగుటకు కాల్షియము, మెగ్నీషియము లవణములు. కడిగిన మసి గడ్డకట్టక నూనెలో తేలియాడుటకు వేరు ద్రవ్యములు. ఇనుము ఇనుముతో ఒరసికొను చోట పలుచని పొర కట్టుటకు జింకు, భాస్వరముల సమ్మేళనము. వేడికి నూనె మరీ పలచబడకుండ పాలిమరు. నురుగు అణచుటకు సిలికోను. ఈ ద్రవ్యములను ఇంత పాలు ఇందులో, ఇంత పాలు అందులో అని తూచి తూచి కూర్చిన పాకమును, వేరొకని తూకముతో చెరచుట ఎట్లు న్యాయమగును?

వాది: ఉపమానము ఇంపుగనే ఉన్నది గాని, అది పడవలసిన చోట పడలేదు. పాలలో పులుసు కలిసిన విరుగును, నిజము; ఆవుపాలలో గేదెపాలు కలిసిన విరుగునా? డబ్బాలమీద ‘ఏపీఐ’ అని అచ్చుపడు ముద్ర వేయించుకొనగోరు ఆయిలు ఏదైనను, నిర్ణీతములైన ప్రమాణతైలములతో కలిపి, చల్లబరచి, కాచి, రెండును విడిపోవుచున్నవో కలిసియే ఉన్నవో చూడవలెనను నియమము ఏనాటినుండియో కలదు. విడిపోయినదానికి ముద్ర లేదు. అనగా, ఆ ముద్ర గల ఆయిళ్ళు ఒకదానితో నొకటి పొసగవలెనన్న తలంపుతోడనే పుట్టుచున్నవి. ఇంకొక మాట. సర్వో అనుడు, మాక్ అనుడు, క్యాస్ట్రాల్ అనుడు, గల్ఫ్ అనుడు. డబ్బాల రంగులు వేరు, పేర్లు వేరు. కాని మీరు చెప్పిన ఆ సంకలితముల పాకమును ప్రపంచమంతటికి వండి పంపు పెద్ద కంపెనీలు నాలుగే: లుబ్రిజాల్, ఇన్‌ఫినియం, ఆఫ్టన్, షెవ్రాన్ ఒరొనైట్. ఎదురెదురు దుకాణములలో పోటీపడి అమ్ముడగు రెండు డబ్బాల లోపలి పాకము ఒకే వంటశాలనుండి వచ్చినదై ఉండుటకు ఎంత అవకాశము కలదో మీరే ఊహింపుడు. సెమీ సింథటిక్ అని కంపెనీలవారే హెచ్చు ధరకు అమ్మునది మిశ్రమము కాక మరేమి?

ప్రతివాది: ఆవుపాలు, గేదెపాలు విరుగవు. ఒప్పుకొంటిని, పులుసు ఉపమానమును మీ మాటమీద వెనుకకు తీసికొందును. అయితే మీ ఉపమానమునే పట్టుకొని అడుగుచున్నాను: ఆ కలిపిన పాలకు వెన్న ఎంత పడునో ఎవరైన చెప్పగలరా? మీరు చెప్పిన పరీక్ష విరుగుడును మాత్రమే పట్టును, వెన్నను కొలువదు. ఒక ఆయిలుకు ముద్ర వచ్చుటకు ముందు దానిని నిజమైన ఇంజనులలో పోసి, వందలకొలది గంటలు నడిపి, పిస్టన్లు విప్పి మసిని, రింగుల అరుగుదలను లెక్కగట్టుదురు. ఆ పరీక్షలో నెగ్గినది ఆ డబ్బాలోని పాకము, ఆ తూకము; సగము ఇది సగము అది అయిన పాకమును ఏ పరీక్షశాలయు పరీక్షింపలేదు. సెమీ సింథటిక్ మిశ్రమమే, సందేహము లేదు. కాని కలిపిన పిమ్మట పరీక్షకు నిలిచిన మిశ్రమము. రోడ్డు ప్రక్కను కలిపినది ఆ పరీక్ష ఎరుగదు. పొరకట్టు జింకు సమ్మేళనమునకును, జారుడు పెంచుటకై కొన్ని ఆయిళ్ళలో చేర్చు ద్రవ్యములకును ఇనుపముఖము ఒక్కటే ఆసనము. రెండును ఆ ఆసనముకొరకే పోటీపడును. ఒక పాకమున ఆ పోటీని తూచి సర్దియుందురు. రెండు పాకములు కలిసినచో ఎవరు కూర్చుందురో, ఎవరు నిలుచుందురో చెప్పగలవారు లేరు.

వాది: చెప్పగలవారు లేరన్నది నిజము, అయితే చెడునని చెప్పగలవారును లేరు గదా. ఇచట లెక్క చూడవలెను. పెద్ద లారీ ఇంజనులో పండ్రెండు పదునైదు లీటర్ల ఆయిలు పట్టును. అందులో ఒక లీటరు వేరొకటి కలిసినచో పండ్రెండవ పాలు, పదునైదవ పాలు. ఆ పాటి కలయికచే తూకము ఏ మేరకు చెడును? నిరుడు కోతలనాడు కుమారదేవము దగ్గరి లంకలో ఒక ట్రాక్టరు ప్రొద్దుటినుండి పనిలో ఉన్నది. మధ్యాహ్నము ఆపి డిప్‌స్టిక్కు తీసి, పంచెచెంగు చించి తుడిచి, మరల ముంచి తీసితిని. క్రింది గీతకు దిగువను, పుల్ల కొసను మాత్రము, ఒక నల్లని చుక్క వ్రేలాడుచున్నది. దానిని బొటనవ్రేలికి చూపుడువ్రేలికి నడుమ నలిపితిని. జిగట ఉన్నది, గరుకు లేదు. అడుగున డ్రెయిను బోల్టు దగ్గర ఇసుక తడిసి అరచేతి మేర నల్లబడినది. వాషరు చచ్చినది. ఊరిలోనికి పోయి రావలెనన్న పడవకొరకు గంట, తిరిగి గంట; ఆకాశమున మబ్బు. ఇంటినుండి వెంట తెచ్చిన డబ్బా చిక్కదనము 15డబ్ల్యూ-40, ఇంజనులోనిది 20డబ్ల్యూ-40, కంపెనీ కూడ వేరు. బోల్టు బిగించి, రెండు లీటర్లు పోసి, పని ముగించితిమి. గడువు వచ్చినప్పుడు ఆయిలు దింపి, ఫిల్టరు కోసి, మడతలు విప్పి ఎండలో చూచితిని. మసి తప్ప ఇనుపరజను మెరపు ఒక్కటియు లేదు.

ప్రతివాది: ఆ ట్రాక్టరు బ్రతికినందుకు సంతోషము. కాని ఒక ట్రాక్టరు బ్రతుకుట సిద్ధాంతము కాజాలదు; కంటికి కనబడని అరుగుదల ఎండలో చూచిన మెరయదు. మీ లెక్కనే నేనును వేసెదను, పెద్ద ఇంజనుతో గాక చిన్న ఇంజనుతో. మోటారుసైకిలులో పట్టునది లీటరు. మా మేనల్లుడు తన బండికి ఆయిలు తగ్గినదని, ఇంటిలో కారునకు కొన్న ఖరీదైన ఆయిలు అరలీటరు వంచెను. పండ్రెండవ పాలు కాదు, సగము పాలు! మరునాడు తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని గోష్పాదక్షేత్రమునుండి గట్టెక్కుచుండగా ఇంజను అరచును గాని చక్రము తిరుగదు. గేరు తగ్గించినను అంతే. మోటారుసైకిలు క్లచ్చి ఆ ఇంజను ఆయిలులోనే మునిగి పనిచేయును. కారు ఆయిలులో జారుడుకై చేర్చిన ద్రవ్యము ఆ పలకల పట్టును సడలించినది. అందుకే మోటారుసైకిలు ఆయిలు డబ్బాలమీద ‘జాసో ఎంఏ’ అని వేరుగ ముద్ర ఉండును. రెండుమార్లు ఆయిలు మార్చినగాని పట్టు తిరిగి రాలేదు. రెండు ఆయిళ్ళును ఉత్తమములే, రెండును ఒకదానితో నొకటి చక్కగా కలిసినవి, గాజుసీసాలో చూచినచో బంగారమువలె ఒకే రంగు. అయినను తల్లి గట్టు క్రిందనే దిగి నడువవలసివచ్చినది.

వాది: ఇది గట్టి దెబ్బయే, దాచను. అయితే ఇందలి దోషము కలపుటలో లేదు, ఎంపికలో ఉన్నది. మీ మేనల్లుడు పాత ఆయిలు పూర్తిగా దింపి, కారు ఆయిలు లీటరునకు లీటరు, ఒక్క చుక్క సాంకర్యము లేకుండ పోసియున్నచో క్లచ్చి ఇంకను ముందుగనే జారియుండెడిది. కంపెనీ భేదము వేరు, కోవ భేదము వేరు. ఒకే కోవకు చెందిన రెండు కంపెనీల ఆయిళ్ళు కలుపుట నా పక్షము. కోవలు కలుపుట నా పక్షము కాదు. ఈ భేదమును చెప్పక, అన్నిటిని కలిపి “కలుపరాదు” అను ఒక్క మాటతో చుట్టివేయుటయే నాకు బాధ.

ప్రతివాది: ఆ భేదమును మీరు, నేను ఎరుగుదుము. అర్ధరాత్రి టార్చిలైటు వెలుగున డబ్బా పట్టుకొన్నవాడు ఎరుగునా? డబ్బా ముందరివైపు గుఱ్ఱములు, మంటలు, మెరుపుతీగలు. ఆ కోవను చెప్పు అక్షరములు వెనుకవైపు, చీమలబారువలె. ఇక డబ్బాయే లేని లూజు ఆయిలు మాట ఏమి? పీపానుండి సీసాలోనికి, సీసానుండి ఇంజనులోనికి. దాని కోవ పోసినవానికే తెలియదు. కోవలలో ఎంత సూక్ష్మమున్నదో ఒక ఉదాహరణము చాలును. మీ ఇంజనునకు ప్రాణమైన ఆ జింకు సమ్మేళనమే, జనరల్ మోటార్సు నమూనా డీజిలు రైలింజనులకు విషము. వాని పిస్టన్ పిన్నుల బేరింగులకు వెండిపూత ఉండును. జింకు ఆ వెండిని తినివేయును. అందుచేత మన రైల్వేవారు వానికి జింకు లేని ఆయిలును వేరుగ తెప్పించుకొని, పొరపాటున ఇతర ఆయిలు కలియకుండ కాచుకొందురు. ఒకనికి ఔషధము, ఒకనికి విషము! ఇంకను దగ్గరి సంగతి. 2020 ఏప్రిలు 1 నుండి వచ్చుచున్న బీఎస్-6 లారీల పొగగొట్టమున మసిని పట్టు వడపోత కలదు. మసి నిండినప్పుడు అది వేడితో కాల్చుకొని తనను తాను శుభ్రపరచుకొనును. కాని ఆయిలులోని లోహలవణములు కాలగా మిగులు బూడిద ఇక కాలదు. అది పేరుకొనుచునే పోవును. అందుకే ఇట్టి లారీలకు తగిన ‘సీకే-4’ అను కోవ ఆయిలులో ఆ బూడిద నూటికి ఒక పాలు మించరాదని కట్టడి చేసిరి. పాత లారీకి పోయు ఆయిలును ఈ లారీలో మరల మరల కలుపువానికి నష్టము ఆ రాత్రి తెలియదు. ఏండ్లు గడచి, వడపోత మార్చవలెనని చెప్పిననాడు తెలియును. ఆనాటికి డ్రైవరు మారియుండును, డబ్బా పేరు ఎవరికిని గుర్తుండదు.

వాది: రైలింజను సంగతియు, వడపోత సంగతియు నేను శిరసావహించుచున్నాను. ఆ వడపోత గల లారీ యజమాని నన్నడిగినను, వంతెన దాటినపిదప ఆయిలు మార్పించుమనియే చెప్పుదును. కాని బావగారూ, ఈ భయము ఎక్కడ పుట్టినదో ఒకమారు తలచుకొందము. మన తాతలు బండి ఇరుసునకు కందెన వేసిరి. అది ఆముదమున మసి కలిపిన చమురు. తొలినాటి విమానములకును ఆముదమే. ఇంజనులోనికి పోవు పెట్రోలు ఆముదమును కరిగింపజాలదు గనుక, అది ఇనుమును విడువక అంటియుండెడిది. 1909లో ఇంగ్లండున వేక్‌ఫీల్డు కంపెనీవారు తమ ఆయిలుకు క్యాస్ట్రాల్ అని పేరు పెట్టుకొన్నది ఆముదపు ఇంగ్లీషు పేరునుండియే. ఆ ఆముదమునకును ఖనిజతైలమునకును పొత్తు లేదు. ఒక గాజుసీసాలో రెండును సగము సగము పోసి, గిలకొట్టి, రాత్రి కిటికీలో నుంచినచో తెల్లవారుసరికి రెండు అంతస్తులై నిలుచును. కలుపరాదన్నవారు ఆనాడు కంటితో చూచి చెప్పిరి. పిదప మడ్డిని కడుగు గుణము గల ఆయిళ్ళు వచ్చినవి. ఆ గుణము లేని ఆయిలుతో ఏండ్లకొలది మడ్డి పట్టిన ముసలి ఇంజనులో వానిని ఒక్కసారిగా పోసినప్పుడు, ఆ మడ్డి పెచ్చులుగా ఊడి చమురుదారులకు అడ్డుపడినది. అదియు నిజమైన అనుభవమే. అయితే మనవాళ్ళు కారణమును మరచి, నిషేధమును మాత్రము నెత్తిన పెట్టుకొన్నారు.

ప్రతివాది: కారణములన్నియు చచ్చిపోలేదు. మన విజ్జేశ్వరములో గ్యాసు విద్యుత్కేంద్రమున్నది గదా. అటువంటి చోట టర్బైనులకు వాడు ఆయిలులో తుప్పును ఆపుటకు ఆమ్లగుణము గల ద్రవ్యము చేర్చుట కలదు. ఇంజను ఆయిలులోని కడుగుద్రవ్యము క్షారము. ఈ రెండును కలిసిన, తడి తగిలినప్పుడు, ఫలము సబ్బు! సున్నితమైన వడపోతలకు ఆ సబ్బు అడ్డుపడును. పీపాలు రెండును ఒకే కొట్టులో ప్రక్కప్రక్కనున్నచో పొరపాటునకు ఎంతసేపు? గ్రీజులోను అంతే, లిథియము గ్రీజునకు బంకమట్టి గ్రీజు తగిలినచో నీరుకారిపోవును. ఆ కొట్టులో పనిచేయువాడు కారణము తెలిసియుండవలెనని నేను ఆశింపను. నిషేధము తెలిసిన చాలును. అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల అన్నది రసాయనశాస్త్రము చదువనివానికై పెద్దలు చెప్పిన మాట.

వాది: అడుసు త్రొక్కక తప్పని ఊరిలో పుట్టితిమి గదా! 1986 ఆగస్టు వరద తీసిన పిమ్మట మన లంకలలోని ఇంజన్లను తలచుకొనుడు. ఒండ్రులోనుండి పైకెత్తి డిప్‌స్టిక్కు తీసినచో ఆయిలు పాలవలె తెల్లగా ఉన్నది. నీరు కలిసిన ఆయిలు అది. అందులో పొర నిలువదు, జింకు పనిచేయదు. దింపి పారబోయుట తప్ప వేరు మార్గము లేదు. ఇంజనులకు నిజమైన శత్రువులు నీరు, ఇసుక, గడువు దాటిన ఆయిలు, తక్కువైన ఆయిలు. మీ నిషేధము ఈ నాలుగింటిలో చివరి రెండింటిని పెంచుచున్నది. వేరు ఆయిలు కలుపుటకు భయపడి తక్కువ ఆయిలుతో తోలువాడున్నాడు. ఆ కంపెనీ డబ్బాయే కావలెనని, అది కొనుటకు డబ్బు చాలక గడువు దాటించు కౌలురైతున్నాడు. అంతకంటె విచారకరమైనది ఇంకొకటి. రాత్రి దారిలో వేరు ఆయిలు పోసిన డ్రైవరు తెల్లవారి యజమానికి ఆ మాట చెప్పడు. చెప్పినచో “ఇంజను పాడుచేసితివి” అని జీతములో కోత పడును. పోసినది దోషము కాకున్నను దొంగతనమువలె దాచుకొనును. నిషేధము ఎంత కఠినమైన, దాపరికము అంత లోతు.

ప్రతివాది: ఇచట మీ మాటకు నా వద్ద బదులు లేదు. నేను చెప్పినవన్నియు, వడపోత బూడిదయు, క్లచ్చి జారుటయు, పోసిన సంగతి తెలిసినచో సరిదిద్దుకొనదగినవే. తెలియనప్పుడే అవి ఏండ్ల తరబడి లోపల పెరుగును. ఆ దాపరికమునకు నావంటివారి గద్దింపు కొంత కారణమని ఈనాటి వరకు నేను తలపలేదు. అయినను నా పట్టు ఒకటి విడువను: కలిపిన ఆయిలును వారము దాటనీయక దింపవలెను, ఫిల్టరుతో సహా.

వాది: ఒకే కోవ అయినప్పుడు వారమేల? గడువు వరకు నడిచిన నష్టము లేదు. పదునైదు లీటర్ల మంచి ఆయిలును ఒక లీటరుకై నేలపాలు చేయుట నాకు సమ్మతము కాదు.

ప్రతివాది: కోవ తెలిసినప్పుడు మీ గడువు, తెలియనప్పుడు నా వారము, అంతవరకు నేను దిగి వత్తును, అంతకు మించి దిగను.

వాది: నేను ఇంకను అంగీకరింపలేదు. కాని కోవ తెలియుటకు ముందు పోసినవాడు నోరు విప్పవలెను గదా, అది ఎట్లు?

ప్రతివాది: సీటు క్రింద ఆ బండికి తగిన ఆయిలు లీటరు డబ్బా ఒకటి, సీలు విప్పనిది, యజమానియే కొని ఉంచవలెను. అదియు చాలక దారిలో వేరొకటి పోయవలసివచ్చినచో, ఆ తేదీ, డబ్బా వెనుకవైపు అక్షరములు, ఎంత పోసినదీ ఒక చీటీమీద వ్రాసి, డ్రైవరు దానిని ఇంజను మూత లోపలివైపు అంటింపవలెను. యజమానులారా, ఆ చీటీ చూచిననాడు డ్రైవరు జీతములో ఒక్క రూపాయియు కోయకుడు.